పూత మీద వాలిన పురుగుని తోలేయకండి

(పాఠకుల ప్రశ్నలకు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక ప్రభుత్వ హైస్కూల్ జీవశాస్త్రం టీచరు జవాబులు)

కిందటి సంచికలో మా బడి పిల్లలు గుమ్మడి పాదు దగ్గర కూర్చుని, పువ్వు మీద ఏ పురుగు వాలుతోందో రాసుకున్న సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాను. ఆ నాలుగు ముక్కలకే బోలెడు ఉత్తరాలు వచ్చాయి. చాలామంది అడిగింది ఒక్కటే: తేనెటీగల పెట్టె ఎంత, ఎక్కడ దొరుకుతుంది అని. దానికీ జవాబు ఉంది, కాస్త ఆగండి. పెట్టె కొనేది ఏ కొందరో. పూత మీద మందు కొట్టేది మాత్రం దాదాపు అందరూ. అందుకని ముందు ఆ గొడవే మాట్లాడుకుందాం.

ప్రశ్న: నేను గజపతినగరం వైపు ఒక హైస్కూల్లో సైన్స్ చెబుతాను. తేనెటీగలు, సీతాకోకచిలుకల గురించి పిల్లల చేత ఏదైనా చేయించాలని ఉంది. మే 20న ప్రపంచ తేనెటీగల దినోత్సవం అంటారు గానీ అప్పటికి మాకు సెలవులు. ర్యాలీ, ప్లకార్డులు, వ్యాసరచన పోటీ కాకుండా ఇంకేం చేయొచ్చు?
– ఒక ఉపాధ్యాయుడు, విజయనగరం జిల్లా

జవాబు: మాస్టారూ, మే 20 స్లొవేనియా వాళ్లకి పూల కాలం. ఆ దేశంలో ఆధునిక తేనెటీగల పెంపకానికి ఆద్యుడైన ఆంటన్ యాన్షా జ్ఞాపకార్థం ఐక్యరాజ్యసమితి 2017లో ఆ తేదీని ఖాయం చేసింది. మనకి ఆ వేళకి రోహిణి కార్తె గుమ్మంలో ఉంటుంది, బడికి తాళం ఉంటుంది. ర్యాలీ తీయలేదని బెంగపడకండి. మన పూతల కాలం మనకుంది. జీడి, మామిడి సంక్రాంతికి అటూ ఇటూగా మొదలై శివరాత్రి దాటేదాకా. గుమ్మడి, ఆనప, బీర వానలు పడ్డాక. మన్యం వైపు వలిసెలు (నూనెగింజల పంట) వానాకాలం వెళ్లాక. ఏ పూత ఎప్పుడుంటే అప్పుడే మన దినోత్సవం.

మేం గుమ్మడితో మొదలుపెట్టాం. కారణం గొప్పదేం కాదు. పువ్వు పెద్దది, వెనక బెంచీ పిల్లాడికి కూడా కనిపిస్తుంది. పైగా ఆడ పువ్వు, మగ పువ్వు వేరువేరు. ఆడ పువ్వు కింద గోలీకాయంత పిందె ముందే ఉంటుంది. మగ పువ్వుకి పొడుగాటి సన్నటి కాడ తప్ప ఏమీ ఉండదు. ఈ తేడా చేత్తో పట్టుకుని చూస్తే పరాగసంపర్కం పాఠం సగం అయిపోయినట్టే.

బడి తెరవగానే ప్రహరీ పక్కన గింజలు పెట్టించండి. శ్రావణమాసానికి పూత వస్తుంది. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గ సాయంత్రానికే పసుపు రంగు తేలి, కొస బిగుసుకుని ఉంటుంది. అలాంటి ఆడ మొగ్గలు మూడింటిని పిల్లల చేతే ఎంచించండి. ఒకదానికి పల్చటి గుడ్డ సంచి తొడిగి మూతి దారంతో కట్టేయాలి. ఒకదాన్ని ఏమీ చేయకుండా వదిలేయాలి. మూడోదానికీ సంచి కట్టి, పొద్దున్నే విప్పి, ఒక మగ పువ్వు రేకలు తుంచేసి, మధ్యలో పుప్పొడితో ఉన్న కాడని ఆడ పువ్వు లోపల మెల్లగా రుద్ది, మళ్లీ సంచి కట్టేయాలి. నాలుగైదు రోజులు తిరిగేసరికి మొదటి పువ్వు కింది పిందె పసుపెక్కి, మెత్తబడి, తొడిమ దగ్గర ఊడొస్తుంది. మిగతా రెండూ ఊరడం మొదలుపెడతాయి. గట్టి వాన కొడితే అన్నీ పోవచ్చు, కాబట్టి ఒక్క పాదుతో సరిపెట్టకండి. పురుగు రాకపోతే కాయ ఉండదని బోర్డు మీద రాయడం వేరు. ఆరో తరగతి పాప రాలిన పిందెని అరచేతిలో పెట్టుకుని, ఏడుపు మొహంతో స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడడం వేరు.

ఒక చిక్కుంది. గుమ్మడి పువ్వు తెల్లారగట్ల విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకుపోతుంది. ప్రార్థన గంట కొట్టేసరికే సగం ఆట అయిపోతుంది. అందుకని ఊళ్లో ఉండే పిల్లలు వంతులవారీగా ముందే వచ్చి కూర్చునేవారు. రాయాల్సింది తక్కువ: ఏం వాలింది, ఎంతసేపు ఉంది, ఒంటికి పసుపు అంటిందా లేదా. పేరు తెలియకపోతే బొమ్మ గీయమన్నాను. నిగనిగలాడే నల్ల తుమ్మెద, వెనక కాళ్లకి పుప్పొడి ఉండలు చుట్టుకునే తేనెటీగ, రేకలు కొరుక్కుతినే ఎర్ర పెంకు పురుగు, అన్నిటికన్నా ముందే వచ్చి కూర్చునే చీమ. చీమ మగ పువ్వు నుంచి ఆడ పువ్వుకి ఎగిరి వెళ్లదు కదా, మరి దానివల్ల మన గుమ్మడికి ఏం లాభం అని అడిగింది పిల్లలే. నేను చెప్పలేదు.

ఇది బడి గోడ దాటిన తీరు కూడా చెప్పాలి. ఒక రోజు ఒకామె బడికి వచ్చి, "ఏటి టీచరమ్మా, మా గుంటడు పురుగులు లెక్కెడతన్నాడు గానీ లెక్కలు మాత్రం రావట్లేదు" అని నిలదీసింది. ఆదివారం పొద్దున్న పాదు దగ్గరికి రమ్మన్నాను. వచ్చింది. కొడుకు పువ్వుల్ని చూపించి ఆడా మగా చెబుతుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూనే, మొత్తం వింది. తర్వాత డ్వాక్రా మీటింగులో ఈ సంగతి ఎత్తింది ఆవిడే. నేను గ్రామసభలో మైకు పట్టుకుని చెప్పినప్పుడు కిక్కురుమనని ఊరు, ఆవిడ చెబితే గుచ్చిగుచ్చి అడిగింది.

అక్కడి నుంచి పుట్టిందే మా పూత బోర్డు. పంచాయతీ గోడ మీద చదరంగా నల్ల రంగు వేయించాం. ఊళ్లో ఈ వారం ఏ పంట పూతలో ఉంది, పువ్వు ఏ వేళకి విచ్చుకుంటోంది, పిల్లలు చూసొచ్చి సుద్దముక్కతో రాస్తారు. ఇది ఎందుకు అవసరమో కాస్త వివరంగా చెబుతాను. మందు సాయంత్రం కొట్టండి, తేనెటీగలు గూటికి వెళ్లిపోయి ఉంటాయని అందరూ చెబుతారు. గుమ్మడికీ కాకరకీ అది సరైన మాటే. కానీ బీర పువ్వు పొద్దు వాలాకే విచ్చుకుంటుంది. ఆనప పువ్వూ అంతే, తెల్లగా రాత్రంతా విచ్చుకుని ఉంటుంది, దాని దగ్గరికి చీకట్లో పొడుగు తొండం ఉన్న రాత్రి చిలుకలు వస్తాయి. పొట్ల పువ్వుకి కూడా రాత్రి చుట్టాలే. ఈ మూడు పాదుల మీద సాయంత్రం మందు కొడితే సరిగ్గా విందు వేళకి విషం పెట్టినట్టే. వాటికి కొట్టక తప్పకపోతే మర్నాడు ఎండెక్కి, పువ్వు వాడిపోయాక కొట్టాలి. ఏ పాదుకి ఏ వేళ అన్నది గోడ మీద ఉంటే టీచరమ్మని అడగక్కర్లేదు.

ప్రశ్న: మాకు జీడి తోట ఉంది. తిత్లీ తుపానులో పోగా మళ్లీ వేసిన మొక్కలు కాపుకొచ్చాయి. పూత నిండుగా ఉంటోంది, పిక్క మాత్రం అంతంతమాత్రం. టీ దోమకి మందు కొట్టకపోతే గుత్తి మాడిపోతుంది. కొడితే ఈగలు చచ్చిపోతాయని మీలాంటి వాళ్లు అంటారు. ఏం చేయమంటారు?
– జీడి రైతు, మందస మండలం

జవాబు: అన్నయ్యగారూ, టీ దోమని తక్కువ చేసి మాట్లాడను. లేత కొమ్మలోనూ పూగుత్తిలోనూ అది రసం పీల్చాక గుత్తి నల్లబడి ఎండిపోవడం నా కన్నా మీరే ఎక్కువ చూసుంటారు. మందు పూర్తిగా మానేయమని చెప్పేంత ధైర్యం నాకు లేదు. మాట్లాడాల్సింది వేళ గురించి.

జీడి గుత్తిలో వందల పువ్వులుంటాయి, వాటిలో ఎక్కువ భాగం మగ పువ్వులే. పిక్క కట్టగలిగేవి ఆడా మగా రెండూ కలిసున్న కొద్ది పువ్వులు మాత్రమే. పుప్పొడి జిగురుగా ఉంటుంది, గాలికి ఎగిరిపోయే రకం కాదు. తేనెటీగో, చిన్న ఈగో, మరో పురుగో మోసుకెళ్లాల్సిందే. ఆ మోత ఎక్కువగా జరిగేది పొద్దెక్కి, మంచు ఆరి, పువ్వులు విచ్చుకున్నాక మధ్యాహ్నం లోపు. మన దగ్గర మందు కొట్టే కూలీలు దిగేది ఎప్పుడు? తెల్లారి దిగి ఎండ ముదరక ముందే ముగించాలని చూస్తారు. వాళ్ల తప్పు కాదు, వీపు మీద డబ్బా పెట్టుకుని ఎండలో ఎవరు తిరుగుతారు? కానీ పూత మీద ఈగలు పనిలో ఉండే వేళా, మందు తడి ఆరని వేళా ఒకటే అయిపోతోంది.

కొత్త చిగుళ్లు వేస్తున్నప్పుడు, గుత్తి బయటికి పొడుచుకొస్తున్నప్పుడు దోమ కనిపిస్తే అప్పుడు కొట్టండి. పువ్వులు విచ్చడం మొదలయ్యాక మాత్రం పక్కవాళ్లు కొడుతున్నారని కొట్టకండి. తోటలో తిరిగి, చెట్టుకి నాలుగు వైపులా గుత్తులు చూసి, నిజంగా మాడ్పు ఉంటేనే, అదీ పొద్దు వాలాక. లాంబ్డా సైహలోత్రిన్ లాంటి పురుగుమందులు తగిలిన ఈగ అక్కడే పడిపోతుంది. ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్ లాంటివి మొక్క లోపలికి ఎక్కి తేనెలోకి, పుప్పొడిలోకి కూడా చేరతాయి. ఈ రెండింటినీ, వీటి జాతిదే ఇంకొకదాన్నీ ఆరుబయట పొలాల్లో వాడకూడదని యూరప్ దేశాలు 2018లోనే నిషేధించాయి. ఏది, ఎంత మోతాదు అన్నది మందుల షాపులో కాకుండా ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలోనో, నైర వ్యవసాయ కళాశాలలోనో అడగండి. షాపతనికి అమ్మకం ముఖ్యం, తప్పు పట్టను.

సాయంత్రం కొట్టించడంలో అసలు టెన్షన్ కూలీ దగ్గర వచ్చింది మాకు. సాయంత్రం రెండు గంటల పనికి రోజు కూలీ ఇస్తారా అని వాళ్లు, సగం రోజుకి సగమే అని రైతులు. చివరికి పక్కపక్క తోటల వాళ్లు కలిసి ఒకే సాయంత్రం కొట్టించుకుని కూలీ పంచుకోవడంతో తెగింది. దీనివల్ల ఇంకో మేలుంది. మీరు ఈరోజు, పక్కవాడు రేపు, అవతలివాడు ఎల్లుండి కొడితే దోమ తోటలు మారుతూ బతికేస్తుంది.

ఆకులు కలిపి గూడు కుట్టుకునే ఎర్ర చీమలు మీ తోటలో ఉంటే తగలబెట్టకండి. పిక్కలేరేటప్పుడు కుడతాయి, నిజమే, కూలీలు తిట్టుకుంటారు. కానీ ఆ చీమలు తిరిగే చెట్టు మీద టీ దోమ తగ్గుతుంది. ఏరే ముందు రోజు ఆ చెట్లకి గుడ్డ పేలిక కట్టి గుర్తు పెడితే కూలీలు జాగ్రత్తపడతారు.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. పిక్క తగ్గిందంటే ప్రతిసారీ ఈగలు లేకే అనుకోకండి. పూత మీద మబ్బు పట్టినా, మంచు ఎక్కువైనా, చెట్టుకి బలం లేకపోయినా ఇదే జరుగుతుంది. అయితే 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మనం పోగొట్టుకున్నవి జీడి, కొబ్బరి చెట్లు మాత్రమే కాదు. తొర్రలున్న ముసలి చెట్లు కూడా కూలాయి. పుట్టల్లో, తొర్రల్లో పట్టు పెట్టే తేనెటీగకి అవే ఇళ్లు. మొక్క నాటితే మూడు నాలుగేళ్లకి జీడి కాస్తుంది, తొర్ర మాత్రం పడదు. గట్టు మీద మిగిలిన ముసలి చింతో, వేపో ఉంటే వంటచెరుకు కింద లెక్కేయకండి. చెట్ల కింద గడ్డి మందు కొట్టి నేలంతా మాడ్చేయకండి కూడా. జీడి పూత అయిపోయాక మిగతా నెలలు ఆ ఈగలు బతికేది కలుపు పూల మీదే.

ప్రశ్న: మాది శ్రీకాకుళం టౌన్లో అపార్ట్‌మెంట్. మూడో అంతస్తు స్లాబు కింద పెద్ద తేనెపట్టు పెట్టింది. పిల్లలున్న ఇళ్లవాళ్లు పెట్రోలు పోసి కాల్పించేద్దాం అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. కానీ భయం కూడా ఉంది.
– ఒక గృహిణి, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, భయం సహజం. అది కొండ తేనెటీగ, మన దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా పెద్దది, కోపం వస్తే గుంపుగా తరుముతుంది. కానీ ఊరికే కుట్టదు. దూరం నుంచి గమనించండి, పట్టు కనిపించదు, దాన్ని కప్పేసి ఒకదాని మీద ఒకటి పట్టుకుని వేలాడే ఈగల తెర కనిపిస్తుంది. కందిరీగ దగ్గరికొస్తే ఆ తెర మీద ఒక మూల నుంచి ఇంకో మూలకి మెరుపులా ఒక అల పరిగెడుతుంది. ఈగలు వరసగా తోక పైకెత్తి దించడం వల్ల అలా కనిపిస్తుంది. అంతటితోనే కందిరీగ వెనక్కి పోతుంది. మీ పిల్లల్ని కిటికీ అద్దం లోపల నుంచి చూడమనండి, ఫోన్ పక్కన పడేస్తారు.

ఇవి ఒకేచోట ఏళ్ల తరబడి ఉండవు. చుట్టుపక్కల పూతలు అయిపోగానే మైనాన్ని వదిలేసి వలస పోతాయి. కాబట్టి మీ అసోసియేషన్ వాళ్లకి చెప్పాల్సింది "కొన్నాళ్లు ఓపిక పట్టండి" అని. ఆ కొన్నాళ్లూ పట్టు పక్కన ఉండే బాల్కనీ తలుపు మూసి ఉంచాలి. రాత్రి ఆ వైపు లైటు వేయకూడదు, వెలుగుకి ఇవి లోపలికి వచ్చేస్తాయి. రాళ్లు, బాణసంచా, పొగ, ఘాటైన సెంటు దగ్గరికి రానివ్వకండి. ఎవరినైనా ఒకటి కుడితే ఆ వాసనకి మిగతావి ఎగబడతాయి. చేతులు ఊపుతూ నిలబడకుండా గదిలోకి వెళ్లి తలుపేసుకోవాలి. ముల్లు ఉంటే గోటితో గీరి వెంటనే తీసేయాలి. మొహం వాచినా, ఊపిరి ఆడకపోయినా, చాలాచోట్ల కుట్టినా సున్నమూ పసుపూ అంటూ కూర్చోకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి. ఇంట్లో ఎవరికైనా తేనెటీగ పడదని ముందే తెలిసినా, పట్టు చేతికందే ఎత్తులో పిల్లలు తిరిగే దారిలో ఉన్నా, అప్పుడు తేనె తీసే అనుభవం ఉన్నవాళ్లని పిలిచి రాత్రి పూట తీయించడమే మేలు. పెట్రోలు మాత్రం వద్దు. ఈగల సంగతి అలా ఉంచండి, అది మూడో అంతస్తు.

ప్రశ్న: శృంగవరపుకోట దగ్గర మాకు మామిడి తోట. సువర్ణరేఖ, బంగినపల్లి. పూత టైములో తేనెటీగల పెట్టెలు పెడితే కాపు పెరుగుతుందంటున్నారు. పెట్టెలు ఎక్కడ ఇస్తారు?
– ఒక రైతు, విజయనగరం జిల్లా

జవాబు: పెట్టెల వాళ్లందరికీ కలిపి ఇక్కడే చెబుతున్నాను. ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ శిక్షణ ఇచ్చి పెట్టెలు ఇప్పించే పథకం నడుపుతోంది. మీ మండల ఉద్యాన అధికారిని కలిస్తే రాయితీల సంగతి తెలుస్తుంది. శిక్షణ లేకుండా పెట్టె తెచ్చుకోకండి. చీమలు పట్టి, మైనం పురుగు పట్టి ఈగలు లేచిపోయాక ఆ పెట్టెలు కోళ్ల గూళ్లవుతాయి. ఊళ్లలో చూస్తూనే ఉన్నాం.

మీ మామిడికి మాత్రం పెట్టెల కన్నా ముందు చూసుకోవాల్సింది ఈగల్ని. నిజంగా ఈగలే, మనం విసనకర్రతో తోలే రకం. మామిడి పువ్వు చిన్నది, తేనె పైపైనే ఉంటుంది, తేనెటీగకి ఇంతకన్నా మంచి పూలు దొరికితే అటే పోతుంది. మామిడి పూత మీద ఎక్కువగా తిరిగేవి ఇంటి ఈగలు, నీలంగా మెరిసే మాంసపు ఈగలు, గాల్లో ఒకేచోట నిలబడి ఎగిరే పూల ఈగలు. అందుకే కొన్ని దేశాల్లో మామిడి రైతులు పూత కాలంలో తోటలో చేపల వ్యర్థాలు వేలాడదీసి మరీ ఈగల్ని పిలుస్తారు. మీరు అంత దూరం వెళ్లక్కర్లేదు, ఇంట్లో ఆడవాళ్లు ఊరుకోరు. తోట అంచున పెంటపోగు ఉంటే పూత అయ్యేదాకా కదపకండి, చాలు.

తేనెమంచు పురుగుకి, బూడిద తెగులుకి మందు గుత్తి పొడుచుకొచ్చే దశలోనే కొట్టుకోవాలి. పువ్వులు విరగబూసి ఉన్నప్పుడు పురుగుమందు కొడితే తేనెమంచు పురుగుతో పాటు కాయ కట్టించే ఈగ కూడా పోతుంది. ఒక గుత్తిలో వేల పువ్వులుంటే కాయ నిలిచేది ఒకటో రెండో. ఆ ఒకటీ రెండూ ఎవరి పుణ్యమో మర్చిపోతే ఎలా?

ప్రశ్న: మేడమ్, మా కరివేపాకు మొక్క మీద ఆకుపచ్చ గొంగళి పురుగులు ఉన్నాయి. అమ్మ చంపేయమంది. అవి సీతాకోకచిలుకలు అవుతాయా?
– ఎనిమిదో తరగతి విద్యార్థిని, బొబ్బిలి

జవాబు: అవుతాయి తల్లీ. కరివేప మీద, నిమ్మ మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుకలు మన దగ్గర రెండు మూడు రకాలున్నాయి. చిన్నప్పుడు ఆ పురుగు గోధుమ రంగులో, తెల్ల మచ్చతో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. పిట్ట తన రెట్టని తాను తినదు కదా, అదీ ఎత్తు. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో మెల్లగా తాకి చూడు, తల వెనక నుంచి నాలుకలాంటి కొమ్ము రెండు పాయలుగా బయటికి వస్తుంది, ఘాటు వాసన కొడుతుంది. అమ్మకి కూడా చూపించు. పెద్ద మొక్కైతే ఆకు మళ్లీ చిగురిస్తుంది, చిన్న మొక్కైతే రెండు పురుగుల్ని ఉంచి మిగతావాటిని పక్క వీధి నిమ్మ చెట్టు మీదికి మార్చెయ్. సీసాలో పెంచాలంటే మూతికి పల్చటి గుడ్డ కట్టి, రోజూ తాజా ఆకు వేసి, ఒక పుల్ల నిలబెట్టు. మందు కొట్టిన ఆకు మాత్రం వేయకు.

ప్రశ్న: మేం కొండ మీద తేనె తీస్తాం. ఏటేటా పట్టులు తగ్గుతున్నాయి. మేమే కారణమని కింది ఊళ్లవాళ్లు అంటారు.
– ఒక యువకుడు, సీతంపేట

జవాబు: 2022లో జిల్లా మారి మీరు పార్వతీపురం మన్యంలోకి వెళ్లారు గానీ ఉత్తరం మాకే రాసినందుకు సంతోషం. మీరే కారణం అనడం అన్యాయం. కింద పొలాల్లో మందులు కొట్టేవాళ్లు, చెట్లు కొట్టేవాళ్లు, రోడ్డు వెడల్పు చేసేవాళ్లు అందరూ ఉన్నారు ఈ లెక్కలో. అయినా మీ చేతిలో ఉన్న ముక్క చెబుతాను. పట్టుని మంటతో కాల్చి కిందికి దించితే ఈగలూ పోతాయి, పిల్ల గదులూ పోతాయి. కొమ్మకి అంటుకుని లావుగా ఉబ్బి ఉండేదే తేనె భాగం, దాని కింద చదునుగా ఉండేది పిల్లల భాగం. పచ్చాకు పొగతో ఈగల్ని పక్కకి జరిపి, తేనె భాగం మాత్రమే కోసుకుని మిగతాది వదిలేస్తే ఆ గుంపు బతుకుతుంది. చేతులకి, మొహానికి వల గుడ్డ తప్పకుండా వేసుకోండి. పిల్ల గదులు పిండని తేనె ఎక్కువ రోజులు నిలుస్తుంది కూడా, గిరిజన సహకార సంస్థకి ఇచ్చినా, సంతలో అమ్మినా పేరొస్తుంది.

మీ దగ్గర వలిసెలు వేస్తారు కదా. ఆ పంట తన పుప్పొడితో తాను గింజ కట్టదు, పక్క మొక్క పుప్పొడి కావాలి, అది తెచ్చేది తేనెటీగే. కింది ఊళ్లవాళ్లకి ఈ మాట చెప్పండి. ఇప్ప చెట్టుకైతే రాత్రి గబ్బిలాలు కూడా ఆ పని చేసి పెడతాయి. గబ్బిలం కనిపిస్తే రాయి విసిరే కుర్రాళ్లకి ఆ మాట కూడా చెప్పండి.

ప్రశ్న: పదో తరగతి ఫలితాలు చూసుకోకుండా పురుగుల గోల ఏమిటి టీచరు గారూ? మీరు చెబితే ఊరు వింటుందా?
– పేరు రాయలేదు

జవాబు: ఫలితాలు బాగానే ఉన్నాయండీ, జీవశాస్త్రంలో అయితే మరీనూ. ఊరు వింటుందా అంటారా, టెక్కలి దాటి తేలినీలాపురం వెళ్లి చూడండి. గూడబాతులూ, పెయింటెడ్ స్టార్క్ కొంగలూ ఏటా వచ్చి ఊరి చెట్ల మీద గూళ్లు కడతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు వస్తాయి. రెట్టల కంపు, పగలూ రాత్రీ గోల. అయినా అవి వస్తే వానలు కురుస్తాయని నమ్మి ఊళ్లోవాళ్లే తరతరాలుగా వాటి జోలికి ఎవరినీ పోనివ్వరు. ఆ ఊళ్లకి ఏ టీచరూ పాఠం చెప్పలేదు. మన జిల్లాలో ఇది కొత్త సంగతి కాదు. పక్షి కంటికి కనిపించింది, పురుగు కనిపించలేదు, అంతే తేడా.

ప్రశ్న: మా పెరట్లో వంగ మొక్కల దగ్గర తేనెటీగ కనిపించనే కనిపించదు. అయినా కాయలు కాస్తున్నాయి. మరి మీరు చెప్పేది ఎలా నమ్మాలి?
– డిగ్రీ విద్యార్థి, రాజాం

జవాబు: బాగా గమనించారు. వంగ పువ్వులో ఆడా మగా రెండూ ఉంటాయి, గాలికి ఊగినా కొంత పని జరిగిపోతుంది, కాయ వస్తుంది. తేనెటీగ రాకపోవడానికి వేరే కారణముంది. వంగ పువ్వులో దానికి తేనె దొరకదు. మధ్యలో పసుపు పచ్చగా నిలబడి ఉండే పుప్పొడి తిత్తులు పక్క నుంచి పగలవు, కొసన సూది బెజ్జమంత రంధ్రం ఉంటుంది, దాన్లోంచి పుప్పొడి రాలాలి. ఆ పని తుమ్మెదకీ, నడుం మీద నీలి చారలుండే, తేనెటీగకి చుట్టమైన చిన్న ఈగకీ వచ్చు. అవి పువ్వుని కాళ్లతో గట్టిగా పట్టుకుని, రెక్కలు ఆడించకుండా ఒంటిని మాత్రం జుమ్మని అదిలిస్తాయి. ఆ అదురుకి పుప్పొడి బుస్సుమని వాటి పొట్ట మీద పడుతుంది. అలా వాలిన పువ్వుకి కాయ బాగా ఊరుతుంది. టమాటా పువ్వుదీ ఇదే పద్ధతి.

నమ్మక్కర్లేదు, చేసి చూడండి. పొద్దున్నే బాగా విచ్చుకున్న వంగ పువ్వు కింద నల్ల కాగితం పట్టుకోండి. మీ కాలేజీ ల్యాబులో ఉండే శృతిదండాన్ని రబ్బరు మీద కొట్టి, మోగుతుండగానే దాని కొసని పువ్వు మధ్యలో ఆనించండి. కాగితం మీద పొడి పడుతుంది. మా పిల్లలు దీనికోసం ఫిజిక్స్ సారు బీరువాలోంచి రెండు శృతిదండాలు తీసుకెళ్లారు. ఒకటి ఇంకా తిరిగి రాలేదు. ఆయన ఈ పత్రిక చదువుతారు, అందుకే రాస్తున్నాను: సోమవారానికల్లా ఇప్పిస్తాను సార్.